రంగుకొక స్క్రీను

నాలుగు టేకు కర్రలు, వాటి మీద బిగించిన పాలియెస్టర్ గుడ్డ. అదే నేను. ఒకప్పుడు మా వాళ్లకు పట్టుగుడ్డే కట్టేవారట, ఆ వైభోగం నేను చూడలేదు. బనగానపల్లెలో ఓ చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపులో గోడకు ఆనుకుని ఉంటాను. గుడ్డ మూడుసార్లు మార్చారు. అయినా నేను నేనే అనుకుంటున్నాను.

మేస్త్రీ చీకటి గదిలో నాకు ఎమల్షన్ పూసి ఆరబెడతాడు. అక్షరాల ఫిల్మును నాకు అంటించి, బయటికి తెచ్చి ఎండ చూపిస్తాడు. మా ఊరి ఎండకు ఎక్కువసేపు అక్కర్లేదు. వెలుతురు తగిలినచోట ఎమల్షన్ గట్టిపడుతుంది. నల్లటి అక్షరం కింద దాక్కున్నది నీళ్లు కొట్టగానే కరిగిపోతుంది. ఆ తెరుచుకున్న కన్నాల్లోంచే, స్క్వీజీతో లాగినప్పుడు, రంగు కాగితం మీదికి దిగుతుంది.

పెళ్లిపత్రికలు, మామిడి అట్టపెట్టెలు, నాపరాళ్ల దుకాణాల బిల్లుబుక్కులు నా మీద ఎన్ని దిగాయో! 2017లో మా మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చాక పెట్టెల మీద ఊరిపేరు పెద్దదైంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా కాస్తా నంద్యాల జిల్లా అయ్యేసరికి పాత ఫిల్ములన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. మేస్త్రీకి ఆ నెల మంచి గిరాకీ.

నా తప్పూ ఒకటుంది, చెప్పేస్తాను. ఒక మే నెలలో, మేస్త్రీ టీ తాగి వచ్చేలోగా నా కన్నాల్లో ఇంకు ఎండింది. పూడింది ఒక్క సున్నా. మూడువందల పత్రికల్లో వరుడు ‘చిరజీవి’ అయ్యాడు. పెళ్లివారు చూసేదాకా మాకు తెలియదు. మేస్త్రీ తన ఖర్చుతో మళ్లీ కొట్టాడు, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆయన కొడుకు హైదరాబాద్‌లో బొమ్మల చదువు చదివాడు. ఓసారి సెలవులకొచ్చి ఫోన్లో తోట వైకుంఠం గారి సెరిగ్రాఫ్ చూపించాడు. కుంకుమరంగు చీర, నుదుట రూపాయంత బొట్టు, నల్లని తెలంగాణ ఆడమనిషి. వైకుంఠం గారిది కరీంనగర్ వైపు బూరుగుపల్లి, పుట్టింది 1942లో.

మేస్త్రీ బొమ్మను మెచ్చుకోలేదు. “ఎన్ని స్క్రీన్లురా?” అన్నాడు.

“రంగుకొకటి నాయనా.”

“అంటే మన పనే గదరా! సెరిగ్రాఫంటే ఇంకేందో అనుకుంటి.”

అమెరికాలో ఆండీ వార్హోల్ 1962లో సినిమాతార మార్లిన్ మన్రో మొహాన్ని ఇట్లాగే వరసబెట్టి కొట్టాడని కొడుకు చెప్పాడు. మేస్త్రీ కళ్లు మాత్రం బొమ్మ కింద అంచు మీదే ఉన్నాయి. అక్కడ పెన్సిల్‌తో ఒక అంకె, గీత, మరో అంకె, పక్కన సంతకం. మొత్తం కాపీల్లో ఇది ఎన్నోదో తెలియడానికట. వేల పత్రికలు కొట్టిన మా షాపు పేరు అట్ట వెనక ఆవగింజంత ఉంటుంది. నాకైతే ఆ పెన్సిల్ గీత మీద కొంచెం అసూయే కలిగింది.

ఆ సెలవుల్లోనే కొడుకు నా మీద యాగంటి బసవన్నను దించాడు. ఏటేటా పెరుగుతాడంటారు కదా, మొదట గీసిన బొమ్మ నా చట్రంలో పట్టనే లేదు. కొమ్ములు కుదించి మళ్లీ గీశాడు. పసుపు ముందు, తర్వాత ఆకుపచ్చ, కాషాయం, చివర నలుపు. లేతరంగు ముందు పడాలి, మేస్త్రీ ఖాయిదా అది. నాలుగు రంగులకూ షాపులో ఉన్న నాలుగు స్క్రీన్లం పనిచేశాం. నలుపు నా వంతు. కాషాయం వెంట్రుకవాసి జరిగిన రెండు కాపీలను కొడుకు చింపబోతే మేస్త్రీ లాక్కుని షాపు గోడకు అంటించాడు.

బాగున్నవి ఇరవై. కొడుకు వాటి మీద పెన్సిల్‌తో అంకెలేసి, సంతకం పెట్టి హైదరాబాద్ పట్టుకెళ్లాడు. మర్నాడు మేస్త్రీ నన్ను బ్లీచింగ్ నీళ్లతో కడిగాడు. బసవన్న నీడ గుడ్డలో ఇంకా కొంచెం కనబడుతోంది. దాని మీదే ఇప్పుడు మామిడి పెట్టెల అక్షరాలు దించారు. సోమవారానికి ఐదువందలు ఇవ్వాలి.