వాల్ట్జ్ నేర్చుకుంటున్నారా? నెల రోజులు తిరగకండి

వాల్ట్జ్ అనగానే జంటలు గిరగిరా తిరిగే దృశ్యమే అందరికీ గుర్తొస్తుంది. అందుకే క్లాసులో చేరగానే తిరగడం నేర్పమంటారు. కుడివైపు తిరిగే నేచురల్ టర్న్, ఎడమవైపు తిరిగే రివర్స్ టర్న్ వచ్చేస్తే చాలనీ, వాటి మధ్య వేసే క్లోజ్డ్ చేంజ్ దానంతటదే వస్తుందనీ అనుకుంటారు. నా సలహా దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి నెల అసలు తిరగకండి. క్లోజ్డ్ చేంజ్ ఒక్కటే చేయండి. డబ్బు కట్టి చేరింది నడవడానికా అని ఇంట్లోవాళ్లు అడగవచ్చు. అవును, నడవడానికే. కూచిపూడి గురువులు కూడా ముందు అడుగులే వేయిస్తారు కదా, మొదటి రోజే అంశం చేతికివ్వరు.

అసలు ఈ ఫిగర్ ఎందుకు పుట్టిందో చూడండి. వాల్ట్జ్‌లో బారుకు మూడు బీట్లు, మూడు అడుగులు. మూడు బేసి సంఖ్య కాబట్టి ప్రతి బారుకూ మొదలుపెట్టే కాలు మారుతుంది. లీడ్ చేసేవారు నేచురల్ టర్న్‌ను కుడికాలితో మొదలుపెట్టి రెండు బార్లలో ముగిస్తే మళ్లీ కుడికాలే ఖాళీగా ఉంటుంది. రివర్స్ టర్న్‌కు ఎడమకాలు కావాలి. మధ్యలో ఒక్క బారు తిరగకుండా వేస్తే కాలు మారుతుంది. కుడికాలు ముందుకు, ఎడమకాలు పక్కకు కాస్త ముందుగా, కుడికాలు వచ్చి దాని పక్కన చేరాలి. రివర్స్ నుంచి తిరిగి నేచురల్‌కు రావాలంటే ఇదే పని ఎడమకాలితో. మొత్తం ఆరు బార్ల పాఠంలో రెండు బార్లు ఈ మార్పుకే పోతాయి. అంటే డాన్సులో మూడో వంతు. దాన్ని అతుకు అనుకోవడం నాకు అస్సలు నచ్చదు.

ఇంకో సలహా: లెక్క పెట్టకండి. సంగీతం కూడా వద్దు. పోటీల్లో వాల్ట్జ్ వేగం నిమిషానికి 28 నుంచి 30 బార్లు, అంటే ఒక్కో బారుకు దాదాపు రెండు సెకన్లు. ఆ వేగంలో వన్, టూ, త్రీ అని పైకి అంటుంటే మూడు అడుగులూ ఒకే రకంగా పడతాయి. నిజానికి అవి మూడూ మూడు రకాలు. మొదటి అడుగు మడమతో నేలను తాకుతుంది, దాని చివర్లో ఒళ్లు లేవడం మొదలవుతుంది. రెండో అడుగులో, మూడో అడుగులో ఇంకా లేస్తూనే ఉంటాం. మూడోదాని చివర్లో మాత్రమే మడమ కిందికి దిగుతుంది. అది దిగకముందే తర్వాతి అడుగు వేయడం కొత్తవాళ్లలో తరచూ కనిపించే తప్పు. అందుకని మూడో అడుగు దగ్గర, మునివేళ్ల మీద, పాదాలు రెండూ కలిసి ఉండగా ఆగిపోండి. ఇప్పుడు రెండో కాలు ఎత్తి చూడండి. ఒళ్లు ఊగకుండా ఎత్తగలిగితే చేరిన కాలు బరువు తీసుకున్నట్టే. లేకపోతే అది పక్కకు వచ్చి నిలబడిందే తప్ప మారలేదు, తర్వాత మీరు వేయబోయేది తప్పు కాలు.

మీరు లీడ్ చేసేవారైతే ముందు ఎదుటివారి అడుగులు నేర్చుకోండి. ఎడమకాలు వెనక్కి, కుడికాలు పక్కకు, ఎడమకాలు చేరాలి. వెనక్కి నడిచేవారికి దారి కనిపించదు. మీరు మడమ దించే తీరును బట్టే వారికి తర్వాతి అడుగు ఎప్పుడో తెలుస్తుంది. ఆ స్థానంలో నిలబడితే గానీ ఈ సంగతి ఒంటికి ఎక్కదు.

నెల గడిచి తిరగడం మొదలుపెట్టాక దిశ దగ్గర కొత్త చిక్కు వస్తుంది. హాల్లో జంటలన్నీ గడియారానికి ఎదురు దిశలో సాగుతాయి. నేచురల్ టర్న్ గోడవైపు ఏటవాలుగా మొదలై, ముప్పావు చుట్టు తిరిగి, హాలు మధ్యవైపు ఏటవాలుగా ముగియాలి. చాలామంది అంత తిరగరు. తక్కువైనదాన్ని తర్వాతి క్లోజ్డ్ చేంజ్‌లో తిరిగి సరిచేస్తారు. మీరు అలా సర్దకండి. తప్పు దిశలోనే నేరుగా వెళ్లండి, పక్క జంటకు అడ్డం పడనంత వరకు. ఎంత తక్కువ తిరిగారో అప్పుడే తెలుస్తుంది.

హెజిటేషన్ చేంజ్‌ను మాత్రం అన్నింటికన్నా చివర పెట్టుకోండి. అది కూడా నేచురల్ నుంచి రివర్స్‌కు తీసుకెళ్లేదే, మూలల్లో ఎంతో ఉపయోగం. కానీ అందులో చివరికి ఎడమకాలు కుడికాలి దగ్గరకు జరుగుతుందే గాని బరువు తీసుకోదు. బరువు తీసుకోవడం, తీసుకోకపోవడం మధ్య తేడా ఒంటికి తెలియనివారు అలవాటు కొద్దీ దాని మీద నిలబడిపోతారు, రివర్స్‌కు కావలసిన కాలు చిక్కుకుపోతుంది.

సంగీతం పెట్టుకునే రోజు వచ్చినప్పుడు విక్టర్ సిల్వెస్టర్ రికార్డులతో మొదలుపెట్టండి. 1922లో తొలి ప్రపంచ బాల్‌రూమ్ చాంపియన్‌గా గెలిచిన ఆయనే, 1935 నుంచి తన ఆర్కెస్ట్రాతో డాన్సు కోసమే వేగం మారకుండా వాయించి రికార్డులు చేశారు. మడమ దించడానికి ఎంత సమయం ఉందో ప్రతి బారులోనూ ఒకేలా వినిపిస్తుంది.

రెండో వారానికే టర్న్ నేర్పేస్తామని క్లాసులో అంటే, దయచేసి ఇంకో రెండు వారాలు ఆగమని అడగండి.