తుపాకీ దండగ

విదేశీ వేటగాళ్లకు ఒక మనవి. ఏనుగును కొట్టి, దాని పక్కన నిలబడి ఫొటో దిగాలని ఉబలాటపడేవాళ్లు ఇంకా బోట్స్‌వానాకే పోతున్నారట. అక్కడ 2019లో వేట నిషేధం ఎత్తేశారు. లైసెన్సు, గైడు, తుపాకీ, పైన వేల డాలర్ల రుసుము. వేట గుర్తుల్ని తమ దేశంలోకి రానివ్వకుండా కట్టడి చేద్దామని జర్మనీ తలపెడితే, 2024లో బోట్స్‌వానా అధ్యక్షుడు మసీసి ఒళ్లు మండి, ఇరవై వేల ఏనుగుల్ని మీకే పంపిస్తాను పొమ్మన్నాడు. ఎందుకండీ ఇంత రాద్ధాంతం? మా ఉత్తరాంధ్రలో ఏనుగు చావడానికి వేటగాడే అక్కర్లేదు.

మాకు ఏనుగంటే గౌరవం లేదనుకునేరు. విజయనగరం రాజుల పేర్లలో గజపతి. జిల్లాలో గజపతినగరం, రైల్వే స్టేషనుతో సహా. సరిహద్దు దాటితే ఒడిశాలో ఏకంగా గజపతి జిల్లా. ‘విజ్జీ’గా పేరుపడ్డ విజయానంద గజపతిరాజుగారు మూడు వందలకు పైగా పులుల్ని కొట్టారని చెప్పుకుంటారు. 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లి మూడు టెస్టుల్లో 33 పరుగులు చేశారు. పులులే నయం, బంతుల్లా మెలికలు తిరగలేదు కాబోలు. ఇక విశాఖ పనివాళ్లు దంతం పొదిగి చేసిన పెట్టెల్నీ కుర్చీల్నీ 18వ శతాబ్దంలో కంపెనీ దొరలు ఎగబడి కొన్నారు. వాటిలో కొన్ని లండన్‌లోని మ్యూజియంలో ఇప్పటికీ మెరుస్తున్నాయి. అంటే, పేరులో ఏనుగు మాకు ముద్దే, పెట్టె మీదా ముద్దే. ప్రాణంతో ఉన్నది పొలంలోకి దిగేసరికే చిక్కొచ్చిపడింది.

2007లో ఒకసారి దిగాయి. 2018లో ఒడిశా కొండల నుంచి మరో గుంపొచ్చి, శ్రీకాకుళం మీదుగా కురుపాం, కొమరాడ, గరుగుబిల్లి వైపు మళ్లింది. వరి తిన్నాయి, చెరకు తిన్నాయి, అరటి తోటలు తొక్కాయి. మనుషుల ప్రాణాలూ పోయాయి. “అవీ బతకాల, మేమూ బతకాల, ఏటి సెయ్యమంటారు బాబూ?” అని రైతు అడిగితే జవాబు చెప్పే నాథుడు లేడు. 2022 ఏప్రిల్ 4న ఆ మండలాలతో కలిపి పార్వతీపురం మన్యం జిల్లా పుట్టింది. ఏనుగులు అడుగు కదపకుండానే వాటి చిరునామా మారింది. మన పాలనలో ఏనుగుల తరలింపు అంత సజావుగా జరిగింది అదొక్కసారే.

2023 మే 12. భామిని మండలం కాట్రగడ. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు కొట్టి, ఆరింటి గుంపులో నాలుగు దీపాలు కొండెక్కాయి. మిగతా రెండూ నిజంగానే కొండెక్కి ప్రాణాలు దక్కించుకున్నాయి.

చట్టానికేం, దివ్యంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగుది మొదటి షెడ్యూలు. 2010లో జాతీయ వారసత్వ జంతువని కిరీటమూ పెట్టారు. తుపాకీతో కొట్టినవాడికి జైలు. మరి ట్రాన్స్‌ఫార్మర్‌కు సంకెళ్లు ఎక్కడ వేస్తారు? అడవి పంది కోసం పొలం చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగే అలవాటొకటి ఉంది మనకు. పందికి కట్టిన తీగ పందినే పట్టాలన్న నియమమేదీ పెట్టుకోదు. పాత దొరకు మంచె కావాలి, గురి కావాలి, కాస్త గుండె ధైర్యమూ కావాలి. ఈ కొత్త దొర రాత్రంతా మేలుకుని, గురి చూడకుండా, చిటికెలో పని కానిస్తాడు.

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో దంతానికి ధర ఉంది కాబట్టి చెల్లింది. ఇప్పుడు బతికుంటే పైరు నష్టం ఫైలు, చస్తే పోస్టుమార్టం ఫైలు. అడవి ఏనుగుల్ని మళ్లించడానికి 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీల్ని, అంటే తర్ఫీదు పొందిన ఏనుగుల్ని, ఇస్తే అవి ముందు చిత్తూరు జిల్లా పలమనేరు చేరాయి. రాష్ట్రం ఆ చివర. భామిని ఈ చివర.

అయ్యా, వేలాడే తీగల్ని ఎత్తు చెయ్యండి. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ ఏనుగు తోసినా పడని కంచె కట్టండి. పైరు పోయిన రైతుకు మళ్లీ నాట్లేసే లోపు డబ్బు చేతిలో పెట్టండి. వీటికి ఏనుగుల సంతకం అక్కర్లేదు.