ఊరకుండుట నేర్పువాఁడు: సటీకాతాత్పర్యము

మూలము

గాలి నాలుగు గొంతులఁ గలయఁ బోసి
పిదపఁ బెట్రోలు పట్టికఁ బేర్చి నింపి
నిప్పు నెగడించు గడియను నిశ్చయించి
యూరకుండుట నేర్పువాఁ డొజ్జ సుమ్ము

అవతారిక

పద్యకర్త వ్యాఖ్యాతే. టీక రాయాలన్న దురద ముందు పుట్టింది. దానికి తగిన మూలం ఏ తాళపత్రంలోనూ కనబడలేదు. ఇక వేరే దారేముంది? ఛందస్సు తేటగీతి. నాలుగు పాదాలు, నాలుగు సిలిండర్లు, కొలత సరిపోయింది. ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది థ్రాటిళ్లున్న 2007 నాటి బీఎండబ్ల్యూ ఎం3 యజమానులు సీసపద్యం రాయించుకోవాలి.

పద్యం ఏ ఇంజినును ఉద్దేశించినదని అడిగితే, టయోటా వారి 4ఏ-జీఈ ఇరవై వాల్వుల ఇంజినును. 1991లో జపాన్‌లో కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూనో కార్లలో వచ్చింది. 1,587 సీసీ, సిలిండరుకు ఐదు వాల్వులు, సిలిండరుకొక థ్రాటిల్, 7,400 ఆర్పీఎం దగ్గర 160 పీఎస్. మూత వెండిరంగులో ఉంటుంది కనుక దాన్ని సిల్వర్‌టాప్ అంటారు. 1995లో నల్లమూత తమ్ముడు వచ్చాడు, 165 పీఎస్‌తో. ఈ అన్నదమ్ములను పాత కరోలాల్లోకి ఎక్కించడం జపాన్ కుర్రాళ్లకు ఇప్పటికీ తీరని మోజు.

ప్రతిపదార్థము

గాలి = బయటి గాలిని; నాలుగు గొంతులన్ = నాలుగు థ్రాటిల్ బాడీల యందును; కలయన్ = అంతటను ఒక్కతీరుగా; పోసి = పోవునట్లు చేసి; పిదపన్ = అటు తరువాత, ముందు కాదు; పెట్రోలు పట్టికన్ = ఇంధనపు పట్టికను, అనగా ల్యాప్‌టాప్ తెర మీద రంగురంగులుగా కనబడు గళ్లను; పేర్చి, నింపి = గళ్లు అమర్చి, అంకెలు పోసి; నిప్పు నెగడించు గడియను = స్పార్కు పడవలసిన క్షణమును; నిశ్చయించి = తేల్చి; ఊరకుండుట = కాలు తీసినప్పుడు ఆగిపోక, ఎగిరిపడక, నిమ్మళముగా తిరుగుచుండుటను; నేర్పువాఁడు = ఇంజినునకు నేర్పగలవాడు; ఒజ్జ = గురువు; సుమ్ము = దీనిని గూర్చి చివర చెప్పబడును.

తాత్పర్యము

గొంతు గొంతునకు గాలి సమముగా పోవునట్లు తొలుత స్క్రూలు తిప్పి, ఆ మీదట పెట్రోలు లెక్క కట్టి, ఆ మీదట స్పార్కు ముహూర్తము పెట్టి, తుదకు ఇంజినును ఐడ్లింగులో నిలుపగలవాడే ట్యూనరు. రేసు చేసి చప్పుడు వినిపించువాడు కాడు.

విశేషములు

మామూలు కారులో గాలిని అదుపు చేసే థ్రాటిల్ రెక్క ఒక్కటే. దాని వెనక ఒక పెద్ద గది, ఆ గది నుంచి సిలిండర్లకు కొమ్మలు. నలుగురూ ఒకే గదిలోంచి పీలుస్తారు కనుక లోపలి ఒత్తిడి దాదాపు నిలకడగా ఉంటుంది. ఐడ్లింగులో 30, 40 కిలోపాస్కల్, పూర్తిగా తొక్కితే వంద దగ్గర. ఆ ఒక్క ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు ఉంటే చాలు, ఇంజిను ఎంత బరువు లాగుతోందో ఇంజిను కంప్యూటరుకు, అంటే ఈసీయూకు, తెలిసిపోతుంది.

వేరు గొంతులున్నచోట ఆ ఉమ్మడి గది లేదు. రెక్కకూ వాల్వుకూ మధ్య ఉన్న చోటు గుప్పెడు. పిస్టన్ పీల్చినప్పుడు అక్కడ ఒత్తిడి ఒక్కసారి పడిపోతుంది. మిగతా మూడు స్ట్రోకుల్లో రెక్క సందులోంచి గాలి చేరి మళ్లీ నిండుతుంది. సెన్సరుకు కనబడేది గంతులేసే సూది. యాక్సిలరేటరు పావువంతు తొక్కేసరికి ఒత్తిడి వందకు చేరువైపోతుంది, ఆ తరువాత ఎంత తొక్కినా సెన్సరుకు పెద్ద తేడా తెలియదు. ఇంత ఇబ్బంది ఎందుకు కొనితెచ్చుకోవడమంటే, ఆ చోటు చిన్నది కావడమే లాభం కూడా. కాలు కదపగానే ఇంజిను కదులుతుంది. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసు క్యామ్ వేసినా ఒక సిలిండరు వెనక్కి ఊదిన గాలి పక్కవాడి నోట్లో పడదు. ఇక పవర్ సంగతి. మంచి ఒంటి థ్రాటిల్ ఏర్పాటు మీద పెరిగేది నోరూరించేంత కాదు. చాలామంది వేయించుకునేది ఆ గర్జన కోసమే. అది తప్పని వ్యాఖ్యాత అనడు, కానీ ఆ సంగతి ఒప్పుకుంటే ఖర్చు లెక్క తేలిక.

“పిదపన్” అన్న చోట ఒక పాఠాంతరం ఉంది. “మొదటఁ బెట్రోలు పట్టికఁ బేర్చి నింపి” అని. బానెట్ కంటే ముందు ల్యాప్‌టాప్ తెరిచే షెడ్లలో ఈ పాఠమే ప్రచారంలో ఉంది. ఇది అగ్రాహ్యం. పిదపలోని పికీ బేర్చిలోని బేకీ యతి కుదురుతుంది, మొకూ బేకీ కుదరదు. యతిభంగాన్ని క్షమించేవారు ఇంజిన్‌భంగాన్ని గమనించాలి. కారణం ఇది. ఒత్తిడి నమ్మదగింది కాదు కనుక ఈసీయూ రెక్క కోణాన్నీ ఆర్పీఎంనూ చూసి పెట్రోలు ఇస్తుంది. ఆల్ఫా-ఎన్ అంటారు. కోణం చెప్పే సెన్సరు ఒక్కటే, షాఫ్టు కొసన ఉంటుంది. అది ఒక రెక్క మాట చెబుతుంది, మిగతా మూడూ అదే మాట మీద ఉన్నాయని పట్టిక నమ్ముతుంది. ముందు పట్టిక నింపి, తరువాత స్క్రూ తిప్పామా, గాలి మారింది కానీ సెన్సరుకు కోణం మారలేదు. కింది వరుసల గళ్లన్నీ అబద్ధాలైపోతాయి, మళ్లీ మొదటినుంచి.

ఇక “కలయన్”. ఇక్కడ కొంచెం ఆగాలి, పద్యంలో పనంతా ఈ మూడక్షరాల్లోనే ఉంది. ఇంజిను పూర్తిగా వేడెక్కాలి. చల్లని ఇంజిను మీద చేసిన సింక్, అంటే గొంతులను సమం చేయడం, లెక్కలోకి రాదు. పక్కన గాలి వదిలే బైపాస్ స్క్రూలన్నీ మూసేయాలి. రెక్కలను కలిపే లింకేజీ వదులు చేసి ప్రతి రెక్కా తనంతట తాను మూసుకుంటోందో లేదో చూడాలి. తరువాత ఒక గొంతును ప్రమాణంగా ఎంచుకోవాలి. దాని నోటికి గాలిమీటరు ఆనించి అంకె చూసి, మిగతావాటిని దాని దగ్గరకు తేవాలి. ప్రమాణాన్ని మాత్రం కదపకూడదు. మీటరు లేనివారు నాలుగు గొంతుల వాక్యూమ్‌ను నాలుగు పాదరసపు గొట్టాల్లో పక్కపక్కన చూసి సమం చేస్తారు, బైకుల వాళ్ల పద్ధతి. మన దగ్గర 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి రెండు కార్బ్యురేటర్లు. రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టి దెబ్బలు సమంగా తగులుతున్నాయో లేదో చెప్పగలిగిన మెకానిక్కులకు ఈ “కలయన్” అర్థం టీక లేకుండానే తెలుసు.

చివరి మిగులు తేడాను బైపాస్ స్క్రూలతో తీర్చవచ్చు. అయితే ఒక మెలిక. ఐడ్లింగులో సమంగా ఉన్న గొంతులు 2,500 ఆర్పీఎం దగ్గర విడిపోతే, తప్పు లింకేజీలో ఉందనీ స్క్రూలు దాన్ని కప్పిపుచ్చుతున్నాయనీ అర్థం. కనుక రెండుచోట్లా కొలవాలి. అంతా కుదిరాక కోణం సెన్సరుకు కొత్త సున్నా చూపించాలి. ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఒక శిష్యుడు పూర్వపక్షం చేస్తున్నాడు: “పొగగొట్టంలో ఆక్సిజన్ చూసే లాంబ్డా సెన్సరు పెట్టాను, 14.7 చూపిస్తోంది, గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి సరిగ్గా ఉంది కదా, ఇంక ఈ స్క్రూల గోల ఎందుకు?” అనిన, చెప్పెదము. ఆ సెన్సరు ఉండేది నాలుగు పొగగొట్టాలు కలిసినచోట. నలుగురు పిల్లల్లో ఇద్దరికి తొంభై, ఇద్దరికి పది వస్తే సగటు యాభై, క్లాసు మొత్తం పాసైనట్టే కనబడుతుంది. రెండు సిలిండర్లు పెట్రోలులో మునిగి, రెండు గాలికి ఎండుతున్నా తెర మీద 14.7 చక్కగా వెలుగుతుంది. ఇంకా పెద్ద మోసం ఒకటుంది. ఒక సిలిండరు మిస్సింగ్ కొడితే కాలని ఆక్సిజన్ అంతా పొగలోకి పోతుంది. సెన్సరు దాన్ని చూసి పెట్రోలు తక్కువైందంటుంది. ట్యూనరు ఇంకా పోస్తాడు. ప్లగ్గు ఇంకా తడుస్తుంది. మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది. రేసు క్యామ్‌తో ఐడ్లింగులో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు కొంతసేపు కలిసి తెరుచుకుంటాయి కనుక ఇదే భ్రాంతి మిస్సింగ్ లేకుండానే కలుగుతుంది. అప్పుడు అంకెను పక్కనపెట్టి ఇంజిను ఎక్కడ నునుపుగా తిరుగుతోందో అక్కడ ఆగడమే సిద్ధాంతం.

“పేర్చి” అన్న క్రియ వట్టినే పడలేదు. గళ్లు సమదూరంలో పేర్చేవాడు పట్టికను పాడుచేసినట్టే. రెక్క మూసిన స్థితి నుంచి మొదటి రెండు మూడు డిగ్రీల్లో గాలి రెట్టింపు కావచ్చు. అరవై నుంచి తొంభై డిగ్రీలకు పోయినా పెద్దగా పెరగదు. అందుకే థ్రాటిల్ శాతాల వరుస 0, 1, 2, 3, 5, 8, 12, 20 అంటూ కింద ఇరుకుగా, పైన విశాలంగా ఉండాలి. పూర్తిగా తొక్కినప్పుడు ఆ నిష్పత్తి 12.5కూ 13కూ మధ్య ఉండేలా నింపడం, పవర్ కొలిచే డైనో మీద ఒక్క పూట పని. తొంభై డిగ్రీలు తెరిచిన రెక్కల్లో అర డిగ్రీ తేడా ఎవడికీ కనబడదు. కొండంత ఖర్చుపెట్టి తీసుకున్న డైనో కాగితం సింక్ గురించి ఒక్క ముక్క చెప్పదు. ఫ్రేము కట్టించుకోవడానికి మాత్రం బాగుంటుంది.

ఆల్ఫా-ఎన్‌కు ఇంకో గుడ్డితనం ఉంది. కోణం మారదు, గాలి మారుతుంది. జపాన్‌లోని గున్మా ప్రాంతంలో హరుణా కొండ మీది సరస్సు వెయ్యి మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. సముద్రం ఒడ్డున 101 కిలోపాస్కల్ ఉన్న గాలి వెయ్యి మీటర్ల ఎత్తున 90. పదకొండు శాతం తక్కువ. టోక్యో తీరంలో నింపిన పట్టికతో ఆ కొండెక్కితే ఇంజిను పెట్రోలు కక్కుతుంది. బయటి ఒత్తిడి కొలిచే సెన్సరు ఒకటి వేరే పెట్టి సవరణ ఇవ్వాల్సిందే. (ఆ కొండను అకినా అని పేరు మార్చి, పాత స్ప్రింటర్ ట్రూనోను దాని మీద పరుగెత్తించిన బొమ్మల కథ ఇనిషియల్ డి. 1995లో మొదలైంది. అందులో హీరోకు ఇరవై వాల్వుల కొత్త ఇంజిను దొరికాక కూడా, తగిన ఆర్పీఎం మీటరు లేక, దాన్ని ఎంత పైకి తిప్పాలో తెలియక తికమకపడతాడు. ఆ సన్నివేశం రాసినవాడికి ఇంజిన్లు తెలుసు.)

కొందరు మధ్యేమార్గులు నాలుగు గొంతుల నుంచీ సన్న గొట్టాలు తీసి చిన్న డబ్బాలో కలిపి, ఆ డబ్బాకు మ్యాప్ సెన్సరు తగిలిస్తారు. గంతులు సద్దుమణుగుతాయి. తక్కువ తొక్కినప్పుడు ఒత్తిడినీ, ఎక్కువ తొక్కినప్పుడు కోణాన్నీ నమ్మేలా ఈసీయూకు చెబుతారు. ఇది విశిష్టాద్వైతం. వ్యాఖ్యాత మొగ్గు ఇటే. సిల్వర్‌టాప్ గాలి కొలతకు తలుపు లాంటి ఎయిర్‌ఫ్లో మీటరును వాడింది. ఎయిర్‌బాక్సు పీకి నోళ్లు తెరిచి పెట్టుకున్నవాడు ఆ మీటరునూ పోగొట్టుకుంటాడు. నల్లమూతకు టయోటావారే మ్యాప్ సెన్సరు పెట్టారు. బ్రేకు బూస్టరు వాక్యూమ్‌ను మాత్రం ఒక్క గొంతు నుంచే తీయకండి. బ్రేకు గట్టిపడుతుంది, తొక్కినప్పుడల్లా ఆ సిలిండరు లెక్కా తప్పుతుంది. నాలుగింటి నుంచీ తీసి, మధ్యలో చెక్ వాల్వు పెట్టాలి.

మూడో పాదంలోని “నిప్పు” శక్తి కోసమనే చాలామంది చదువుతారు. నాకింగ్ రాకుండా ఎంత ముందుకు జరపగలమన్నది నిజమే, కానీ ఈ పాదం నాలుగోదానికి అన్వయిస్తుంది. ఐడ్లింగులో స్పార్కును పూర్తి ముందుకు పెట్టకుండా కొంత వెనక ఉంచితే రెండువైపులా చోటు మిగులుతుంది. తిరుగుడు తగ్గితే స్పార్కును కాస్త ముందుకు, పెరిగితే వెనక్కి జరిపే పని ఈసీయూ చేసుకుంటుంది. గాలితో నిలబెట్టడం నిదానం, నిప్పుతో నిలబెట్టడం తక్షణం.

అలంకారము: విరోధాభాసం. ఊరకుండుట అంటున్నాడు కవి. 900 ఆర్పీఎం వద్ద ఒక్కో గొంతు నిమిషానికి 450 సార్లు మింగుతుంది, నాలుగూ కలిపి సెకనుకు ముప్పై గుటకలు. ఆ ముప్పైలో ఒక్కటి చిన్నదైనా గేరు రాడ్డు మీద వణుకు తెలుస్తుంది. ఇంత పనిచేస్తూ ఊరకున్నట్టు కనబడాలి. 7,000 దగ్గర ఆ గుటకలు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా చప్పుడు కప్పేస్తుంది.

సుమ్ము: కొందరు ఇది పాదపూరణమన్నారు, గణం కోసం వేసిందని. కాదు, నిశ్చయార్థకం. ఇంజిను వేడెక్కి రేడియేటరు ఫ్యాను తిరిగినప్పుడు, హెడ్‌లైట్లు వేసినప్పుడు, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ఆల్టర్నేటరు, పంపు బరువుకు ఐడ్లింగు ఒక్క క్షణం కుంగి మళ్లీ తన అంకెకు చేరాలి. ఈ మూడూ ఒకేసారి చేసి చూసిన తరువాతే సుమ్ము అనాలి. అంతవరకు నేర్పువాఁడు దగ్గరే ఆగాలి.