చేరదీసే ఇంటి నవల: ఔత్సాహికులకు చిట్కాలు

తల్లి లేని తెల్లపిల్ల, ఆమెను అక్కున చేర్చుకునే నల్లవాళ్ల ఇల్లు, చుట్టూ వర్ణవివక్ష. ఈ సరుకుతో నవల రాయదలచినవారు ముందు సూ మాంక్ కిడ్ రాసిన ‘ద సీక్రెట్ లైఫ్ ఆఫ్ బీస్’ కొనుక్కోవాలి. ఊరికే చదవడానికి కాదు, కొలతలు తీసుకోవడానికి.

కాలం 1964, స్థలం సౌత్ కరోలినా. పద్నాలుగేళ్ల లిలీని తండ్రి మొక్కజొన్న రవ్వ మీద మోకాళ్లేయిస్తాడు. పాఠకుల జాలంతా ఆ మోకాళ్ల దగ్గరే ఖర్చయిపోయేలా చూడండి, తర్వాత మిగలకూడదు. ఎందుకంటే వాళ్లింట్లో పనిచేసే రోజలీన్ ఓటరుగా పేరు రాయించుకోవడానికి ఊళ్లోకి బయల్దేరుతుంది. అధ్యక్షుడు జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టి వారమైనా కాలేదు. దారిలో తెల్లవాళ్లు అడ్డుపడి ఎగతాళి చేస్తే, తను పొడుం ఉమ్మే కూజాను వాళ్ల బూట్ల మీద ఒంపేస్తుంది. ఆనక దెబ్బలు, జైలు. కొత్తవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. ఈవిడకింత తెగువ ఎక్కడిదని ఆమె వెంట పోతారు. పోవద్దు. లిలీ ఇల్లు వదలడానికి ఒక సాకు కావాలి, దొరికింది.

ఇక లిలీని చేరదీసే, తేనెటీగలు పెంచే నల్ల అక్కచెల్లెళ్లు. పెద్దావిడ ఆగస్ట్ చదువుకున్న మనిషి. నల్ల మేరీమాత బొమ్మ అంటించిన సీసాల్లో తేనె అమ్ముతుంది. వ్యాపారం ఉన్నావిడకు అప్పులూ బాకీలూ, పొద్దుపోయాక నడుంనొప్పీ ఉంటాయేమోనని మీకు అనుమానం రావచ్చు. అణచుకోండి. పిల్ల గడప తొక్కాక ఆవిడ ముఖ్యమైన పని ఓదార్చడం. పైగా ఒకప్పుడు లిలీ తల్లిని పెంచిన పనిమనిషి కూడా ఆవిడేనని తర్వాత తెలుస్తుంది. తల్లి తరం అయింది, ఇప్పుడు కూతురి తరం. జీతం మాటెవరైనా ఎత్తితే, ప్రేమకు జీతమేమిటండీ అని నొచ్చుకోండి.

చెల్లెలు జూన్‌తో మాత్రం జాగ్రత్త. తెల్లపిల్లకు మనింట్లో ఏం పని అంటుంది. పుస్తకం మొత్తంలో ఇంతకన్నా లోకం తెలిసిన ప్రశ్న నాకు కనబడలేదు. కాబట్టి దాన్ని మొండితనం కింద జమకట్టి, ఎండపూట ఒకరినొకరు నీళ్లతో తడుపుకునే సరదా సన్నివేశంతో కరిగించేయాలి. మరో చెల్లెలు మే సంగతి వేరే చెప్పాలా? లోకంలోని కష్టాలన్నీ చీటీల మీద రాసి రాళ్లగోడలో దూర్చే ఆ అమాయకురాలు, జాక్ అనే నల్లకుర్రాణ్ణి పోలీసులు పట్టుకెళ్లారని తెలిసి నదిలో మునిగి చనిపోతుంది. నల్లవాళ్లింట్లో ఒక చావు తప్పనిసరి. తెల్లపిల్ల ఎదుగుదలకు అంతకు మించిన ఎరువు లేదు.

జాక్‌ని చూసి లిలీ గుండె దడదడలాడటం తీరిగ్గా రాయండి. 1955లో మిసిసిపీలో ఒక తెల్లావిడతో చనువుగా మాట్లాడాడన్న నెపంతో పద్నాలుగేళ్ల నల్లకుర్రాడు ఎమెట్ టిల్‌ని చంపేశారనీ, నిందితుల్ని జ్యూరీ వదిలేసిందనీ గుర్తుచేసుకుంటే దడ వేరేరకంగా మొదలవుతుంది. ప్రేమకథ పాడవుతుంది.

పాతకాపుల్లో మార్క్ ట్వైన్‌ది దివ్యమైన పద్ధతి. నండూరి రామమోహనరావుగారి అనువాదం పుణ్యమా అని హక్ ఫిన్ మనకూ చిన్నప్పటి చుట్టమే. నరకానికైనా పోతాగానీ పారిపోయిన బానిస జిమ్‌ని పట్టివ్వనని హక్ తేల్చుకున్న చోట కథ పాకాన పడిందని కొందరు మురిసిపోతారు. అసలు తెలివి ఆ తర్వాతుంది. యజమానురాలు వీలునామాలో జిమ్‌ని ఎప్పుడో విడిచిపెట్టేసినా, ఆ సంగతి తెలిసిన టామ్ సాయర్ నోరు మెదపకుండా అతణ్ణి కొట్లోనే ఉంచి తప్పించే ఆట ఆడతాడు. పిల్లల సరదా ముందు పెద్దమనిషి స్వేచ్ఛ కాస్త ఆగొచ్చు.

ఈ ఏర్పాటంతా చెడగొట్టినవాడు పెర్సివల్ ఎవరెట్. 2024లో వచ్చిన ‘జేమ్స్’లో కథను జిమ్ చేతే చెప్పించాడు. తెల్లవాళ్ల ముందు ఎలా తప్పుగా మాట్లాడాలో అందులో జిమ్ పిల్లలకు పాఠం చెబుతాడు. అతనికి పెన్సిలు దొంగిలించి తెచ్చిచ్చిన పాపానికి ఒక బానిస ప్రాణం పోతుంది. ఇంత చేదు పుస్తకానికి 2025లో పులిట్జర్ కూడా ఇచ్చారు. న్యాయనిర్ణేతలకు మన చిట్కాలు అందినట్టు లేదు.

మీరు కిడ్‌గారి దారినే పోండి. అక్కడ నోటుపుస్తకం తెచ్చిచ్చేది జాక్, అందులో రాసుకునేది లిలీ.