కేలరీ తార్నాకలో, కూలి మౌలాలిలో

కనీస వేతనం అంటే బేరమాడే సత్తువ లేని కార్మికుడికి ఇంతకు తగ్గకుండా కూలి ఇవ్వాలని ప్రభుత్వం గీసే గీత. దాన్ని ఎక్కడ గీయాలో తేల్చడానికి దేశం ముందుగా కార్మికుడి కడుపును కొలిచింది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ ఐక్రాయిడ్ లెక్కను ఆధారం చేసుకుని, వయోజనుడికి రోజుకు 2,700 కేలరీలు, కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు చాలునన్నది. వినియోగ యూనిట్ అంటే ఒక వయోజన పురుషుడి తిండి. ఆ పద్దులో భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6 కనుక, అందరికీ వడ్డించి చివరన అడుగూ బొడుగూ తినే ఇల్లాలి అలవాటే శాస్త్రీయ ప్రమాణమైంది.

ఐక్రాయిడ్ ఒకప్పుడు నడిపిన కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన తార్నాకలో వెలసి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఆకలిని తూచే త్రాసు అలా మౌలాలి పారిశ్రామికవాడకు కొద్ది కిలోమీటర్ల దూరంలోకి వచ్చినా, కూలిని తూచే త్రాసు మాత్రం ఢిల్లీలోనే ఉండిపోయింది.

1996లో రోజుకు 35 రూపాయలతో మొదలైన జాతీయ స్థాయి కనీస వేతనం, చట్టబద్ధత లేని సలహాగానే సాగి 2017లో 176కు చేరింది. 2019లో కేంద్రం వేసిన అనూప్ సత్పతి కమిటీ కేలరీలను 2,400కు తగ్గించి, యూనిట్లను 3.6కు పెంచి, 375 రూపాయలు కావాలని తేల్చగా, కేంద్రం 178 ప్రకటించింది. పెరిగిన ఆ రెండు రూపాయలకు మౌలాలి కమాను దగ్గర సింగిల్ చాయ్ కూడా రాదు.

కూలి పెరిగితే కొలువులు పోతాయన్నది యజమానుల పాత శాపనార్థం. న్యూజెర్సీలో కనీస వేతనం పెంచాక అక్కడి ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ఉద్యోగాలు తగ్గలేదని 1994లో ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ చూపారు. కార్డ్‌కు 2021లో నోబెల్ దక్కింది. పని ఇచ్చేవారు కొద్దిమందే అయినచోట కూలి ముందే అణగి ఉంటుంది కనుక, కొంత పెంచినా కొలువులు ఊడవన్నది ఒక వివరణ. చిన్న షెడ్లకు భారం పెరగడం, కొందరు కూలీలు రిజిస్టరు దాటిపోవడం నిజమైన ప్రమాదాలే. వాటికి మందు తనిఖీయే గాని పస్తు కాదు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ జాతీయ కనీస వేతనానికి తొలిసారి చట్టబలం ఇచ్చింది. కనీస వేతనానికి తక్కువగా చేయించుకునే పని వెట్టిచాకిరేనని ఆసియా క్రీడల కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పింది.