ఎవరి లెక్క వాళ్ళది

తిరుత్తణిలో కాపురం, చెన్నైలో ఉద్యోగం అయితే సగం ఆఫీసు లోకల్ బండిలోనే నడుస్తుంది. స్టోరేజీ చూసే అన్న అరక్కోణంలో ఎక్కి కిటికీ పట్టేస్తాడు. అప్లికేషన్ రాసే కుర్రవాడు తిరువళ్ళూరులో ఎక్కుతాడు. డేటాబేస్ నాది కనక మధ్య సీటూ నాదే.

“నేను పంపింది ఒకే ఇన్‌సర్టు” అంటాడు కుర్రవాడు. “మరి నా డిస్కు ఎందుకంత మూలుగుతోంది?” అంటాడు అన్న. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అదే తలనొప్పి.

మైఎస్‌క్యూఎల్‌లో కామ్_ఇన్‌సర్ట్ అనే కౌంటరు పంపిన ఆజ్ఞల్ని లెక్కపెడుతుంది. ఒకే ఇన్‌సర్టులో 365 వరుసలు తోసినా దానికి ఒకటే. ఇన్నోడీబీ_రోస్_ఇన్‌సర్టెడ్ మాత్రం 365 పెరుగుతుంది. డిస్కుది మూడో దారి. రీడూ లాగ్‌కి రాయాలి, బిన్‌లాగ్ ఉంటే దానికీ రాయాలి. తర్వాత తీరిగ్గా 16 కేబీ పేజీల్ని దించేటప్పుడు, మధ్యలో కరెంటు పోతే పేజీ సగమే పడుతుందన్న భయంతో ముందు డబుల్‌రైట్‌లో ఒకసారి, అసలు చోట ఇంకోసారి. పోనీ 365కి ఇన్ని రెట్లు అందామా అంటే, ఒక్కో పేజీలో బోలెడు వరుసలు పడతాయి.

365 ఊరికే అనలేదు, మా కొండ మెట్లు అన్ని. మా అవ్వ తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉన్నప్పుడే కాపురానికొచ్చింది. 1960లో ఊరు మద్రాసు రాష్ట్రానికి పోయింది గానీ అవ్వ మాట ఎక్కడికీ పోలేదు. మెట్టుమెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించుకుంటూ ఎక్కేది. “ఎన్ని పూజలు చేసినావవ్వా?” అంటే “ఒకటేరా” అనేది. పూజసామాన్ల అంగడాయన కర్పూరం బిళ్ళల లెక్క చెప్పేవాడు. అవ్వ నడుము ఆ రాత్రి తన లెక్క తాను చెప్పేది.

బండిలో ఇది విని కుర్రవాడు మురిసిపోయాడు. “అయితే నేను నడుమునా?” అన్నాడు అన్న.

కుర్రవాడు అంతటితో ఊరుకోడు. ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ అని ఒకటుంది: లేకపోతే చేర్చు, ఉంటే మార్చు. కొత్త వరుస చేరిస్తే ‘ఒకటి’ అంటుంది, ఉన్నదాన్ని మారిస్తే ‘రెండు’ అంటుంది, ఉన్న విలువే మళ్ళీ ఇస్తే ‘సున్నా’ అంటుంది. దీనికి సరిపడే అవ్వ కథ నా దగ్గర లేదు.

మా మేనేజరు గారికి ఇవేవీ పట్టవు. ఆయన డ్యాష్‌బోర్డులో కనిపించేది సెకనుకెన్ని అన్నది కాదు, సర్వరు లేచినప్పటి నుంచి పోగైన మొత్తం. అది రోజూ పెరుగుతుంది, ఆయనా రోజూ కంగారు పడతారు. మొన్న ప్యాచ్ వేసి సర్వరు రీస్టార్ట్ చేశాం, కౌంటర్లు సున్నా నుంచి మొదలయ్యాయి. “రైట్లు భలే తగ్గించారయ్యా” అని టీమంతటికీ మెయిల్ పెట్టారు. నేను విషయం చెబుదామని టైపు చేస్తుండగానే కుర్రవాడు ‘థాంక్యూ సార్’ అని జవాబు కొట్టేశాడు.