ఐ, మి, అండీ

ఇంగ్లీషులో కర్తగా ఉంటే ఒక రూపం, కర్మగా ఉంటే ఇంకో రూపం వేసుకునే మాటలు నేటి వాడుకలో ఆరు జతలు మిగిలాయి: ఐ–మి, వి–అస్, హి–హిమ్, షి–హర్, దే–దెమ్, హూ–హూమ్. నామవాచకాలకు ఈ గొడవ లేదు. రాజు కొట్టినా రాజే, రాజును కొట్టినా రాజే. డుమువుల దగ్గర మొదలుపెట్టి సంబోధన ప్రథమ దాకా ఎనిమిది విభక్తులు గడగడా అప్పజెప్పే పిల్లలకు ఆరు జతలు ఒక లెక్కలోవి కాకూడదు. అయినా ఆత్రేయపురం వైపు ఇంగ్లీషు నోటుపుస్తకాల్లో ఎర్రసిరా ఎక్కువగా తాగేవి ఇవే. దానికి కారణం పిల్లల మొద్దుతనం కాదు. తెలుగు సర్వనామం చేసే చాకిరీ వేరు, ఇంగ్లీషు సర్వనామం చేసేది వేరు. గోదావరి జిల్లాల్లో దీనికి మర్యాద కూడా తోడవుతుంది.

మొదటి చిక్కు, తెలుగులో సర్వనామం అవసరం పడకపోవడం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ ఊళ్లో వ్యాసరచన అంటే వాటి మీదేనని వేరే చెప్పక్కర్లేదు. తెలుగులో ఆ వ్యాసం ఇట్టే సాగిపోతుంది: బియ్యం నానబెట్టి రుబ్బుతారు. పిండి పల్చగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగుతారు. రేకు వస్తుంది. తీసి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడుస్తారు. ఇంత పనిలో సర్వనామం ఒక్కటీ లేదు. ఎవరు చేస్తున్నారో క్రియే చెబుతుంది, దేన్ని చేస్తున్నారో వినేవాడికి తెలుసు. ఇంగ్లీషు మాత్రం అడుగడుగునా ఒక ‘ఇట్’ పెట్టమంటుంది. పెట్టకపోతే సున్నా అని భయపెడితే ఏమవుతుందో ఊహించవచ్చు: ‘దే డిప్ ఇట్ ఇన్ ఇట్ అండ్ స్ప్రెడ్ ఇట్ ఆన్ ఇట్.’ వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు పట్టడానికి లేదు. దీన్ని చదివి పూతరేకులు చేయగలవాడు మాత్రం పుట్టలేదు. సర్వనామం పెట్టడం ఎంత ముఖ్యమో, అది దేని బదులు వచ్చిందో చెప్పడమూ అంతే ముఖ్యమని బోధించడానికి ఇంతకన్నా మంచి వాక్యం దొరకదు.

తరువాతది లింగం. తెలుగు క్రియకు ఏకవచనంలో రెండే గదులు: మగవాడొక గదిలో, మిగిలిన ప్రపంచమంతా రెండో గదిలో. అమ్మ వచ్చింది, రావులపాలెం బస్సు వచ్చింది, గోదారి వచ్చింది. బహువచనం రాగానే ఆడవాళ్లు బస్సులను వదిలేసి మగవాళ్లతో కలిసిపోతారు: అక్కలు వచ్చారు, బస్సులు వచ్చాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటికే మహత్తులు, మహతీవాచకాలు అంటూ ఈ ఏర్పాటుకు పేర్లు పెట్టింది, కారణం అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. ఈ రెండు గదుల ఇంట్లో పెరిగిన పిల్లవాడికి హి, షి, ఇట్ అని మూడు తలుపులు చూపిస్తే, అన్నింటికన్నా దగ్గరగా కనిపించిన ‘హి’లోంచి అందరినీ తోలేస్తాడు. దాంతో మామ్మగారు కూడా ‘హి’ అయిపోతుంది. కోప్పడితే భయపడి ఊళ్లోని పంతులుగారినీ, గేదెనూ కలిపి ‘షి’ అంటాడు. కోప్పడటం వల్ల వచ్చే ఫలితం ఎప్పుడూ ఇంతే.

మర్యాద ఇంతకంటే ముదురు సమస్య. డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ ఉట్టి కాటన్ కాడు, కాటన్ దొరగారు. ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆయన నీళ్లు తాగుతూ, ఆ నీళ్లతో పండిన అన్నం తింటూ, దొరగారిని పట్టుకుని ‘హి’ అనాలంటే పిల్లలకు నోరు రాదు. అరటిగెల దొంగిలించినవాడూ ‘హి’యే, దొరగారూ ‘హి’యేనా? అందుకని ‘కాటన్ దొర, దే బిల్ట్ ది ఆనికట్’ అని రాస్తారు. దాన్ని తప్పని కొట్టేసే మాస్టారు గదిలోకి వస్తే లేచి నిలబడి ‘సర్ హావ్ కమ్’ అంటారు. రెండింటికీ మూలం మర్యాద కోసం వాడే తెలుగు బహువచనమే. ఇంగ్లీషువాళ్లకు ఒకప్పుడు నువ్వు–మీరు తేడా ఉండేది. ‘దౌ’ అంటే నువ్వు, ‘యు’ అంటే మీరు. తరువాత అందరినీ మీరు అనేయడం మొదలుపెట్టి ‘దౌ’ని గుడికీ కవిత్వానికీ అప్పగించేశారు. అంటే ఇంగ్లీషులో లేనిది గౌరవం కాదు, అగౌరవం. ఈ ముక్క చెబితే గోదావరి పిల్లలకు ‘యు’ మీద గౌరవం పెరుగుతుంది.

లింగం, మర్యాద రెండూ ఒకేచోట గుద్దుకునేది ర్యాలిలో. అది కూడా ఆత్రేయపురం మండలంలోనిదే. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి ఒకే శిలలో ఉంటాడు, లేదా ఉంటుంది, లేదా ఉంటారు: ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని. విహారయాత్రకు వెళ్లొచ్చి అయిదు వాక్యాలు రాయమంటే, ప్రదక్షిణంలో సగం దూరానికి హిమ్ పోయి హర్ రావాలి. విగ్రహం కదా అని ‘ఇట్’ వేస్తే ఇంట్లో మామ్మగారు భోజనం పెట్టరు. మామూలు పిల్లవాడు మాత్రం ఇదేమీ ఆలోచించకుండా అలవాటు కొద్దీ ‘దే’ అని రాసేస్తాడు. ఆడో మగో చెప్పనక్కరలేని ఒక్కరికి ‘దే’ వాడటం ఇంగ్లీషులో శతాబ్దాల నుంచీ ఉంది. 2019లో మెరియం–వెబ్‌స్టర్ నిఘంటువువాళ్లు ‘దే’ను ఆ ఏటి మాటగా ఎంచారు. కాటన్ దగ్గర తప్పయిన రూపమే ర్యాలిలో ఒప్పయి కూర్చుంటుంది. మార్కు వేయాలో తీయాలో తేల్చుకోలేక పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి వదిలేయడం ఉత్తమం.

‘వి’ సంగతి టూకీగా: మనం, మేము రెండింటికీ ఇంగ్లీషులో అదొక్కటే. మేము పూతరేకులు తిన్నాం, మనం పూతరేకులు తిన్నాం అనే రెండు వాక్యాల మధ్య, వినేవాడికి ముట్టిందా లేదా అన్న ముఖ్యమైన సమాచారం ఇంగ్లీషులో గల్లంతవుతుంది. బస్సులో పక్కన కూర్చున్న కొత్తమనిషిని ‘మనది ఏ ఊరండీ’ అని పలకరించే ప్రాంతంలో దీన్ని ఇంగ్లీషు చేయించడం ప్రమాదకరం. తన ఊరేదో తనకే తెలియనివాడనుకునే అవకాశం ఉంది.

విభక్తి అసలు కష్టం ‘నాకు’ దగ్గర. నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరం, నాకు తెలుసు, నాకు ఇద్దరన్నయ్యలు, నాకు ఇంగ్లీషు రాదు. తెలుగువాడు తన ఒంట్లో జరిగేదానికి బాధ్యత తీసుకోడు. ఆకలి దానంతటదే వచ్చి అతనికి తగులుతుంది. ఇంగ్లీషువాడు ఆకలికీ తానే కర్తనంటాడు. ‘కు’కు ‘టు’ అని బట్టీపట్టినవాడు ‘టు మి హంగ్రీ’ అంటే తర్కం వాడి వైపే ఉంది. పాత ఇంగ్లీషుకూ ఈ పద్ధతి ఉండేది. ‘నాకు తోస్తోంది’ అన్నట్టుగా కట్టిన ‘మీథింక్స్’ దాని అవశేషమే. పనికొచ్చే కొండగుర్తు ఒకటుంది. ‘నాకు’ పక్కన ఇచ్చే, చెప్పే, చూపించే మనిషి ఇంకొకరుంటే ‘మి’. ఎవరి ప్రమేయమూ లేకుండా ఆకలో జ్వరమో జ్ఞానమో వస్తే ‘ఐ’. జ్ఞానం అంత తరచుగా రాదు కాబట్టి మొదటి రెండింటితో సాధన చేయించాలి.

ఇద్దరు మనుషులుంటే మరో కొండగుర్తు. ‘రవి అండ్ మి వెంట్ టు వాడపల్లి’ తప్పో ఒప్పో తేలాలంటే రవిని ఇంటి దగ్గర వదిలేయాలి. ‘మి వెంట్ టు వాడపల్లి’ అని మిగిలినప్పుడు ఎంత వెనకబెంచీవాడికైనా చెవిలో గరుకు తగులుతుంది. అయితే ఇది గట్టిగా నూరిపోస్తే ‘ఐ’ పెద్దమనిషి, ‘మి’ పల్లెటూరివాడు అనే అభిప్రాయం స్థిరపడి, ‘సర్ కాల్డ్ రవి అండ్ ఐ’ అంటారు. ఈ జబ్బు ఆత్రేయపురం పొలిమేర దాటి చాలా దూరం వెళ్లింది. షేక్‌స్పియర్ ‘వెనిస్ వర్తకుడు’లో ఆంటోనియో రాసిన ఉత్తరంలోనూ ‘బిట్వీన్’ తరువాత ‘మి’ ఉండాల్సినచోట ‘ఐ’ కనిపిస్తుంది. ఇక తలుపు తట్టినవాడు ‘ఇట్ ఈజ్ ఐ’ అనాలన్న నియమం పాత వ్యాకర్తలు లాటిన్‌ను చూసి బిగించింది. దాన్ని పాటించేవాడికి తలుపు తీయకపోవడమే మంచిది. తరతరాలుగా మన ఇళ్ల అటకల మీద ఉన్న ‘రెన్ అండ్ మార్టిన్’ వ్యాకరణంలోని రెన్, 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసినవాడే. రెంటిలో దేనికి ఎక్కువ గుండె ధైర్యం కావలసివచ్చిందో చెప్పలేం.

ఒకరి మాట ఇంకొకరు చెప్పేటప్పుడు పడే చిక్కు బయటికి కనిపించదు. ‘నాన్నగారు రేపు బడికి వస్తానన్నారు’ అన్నది లెటరులో ‘మై ఫాదర్ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టు స్కూల్ టుమారో’ అవుతుంది. ఇంగ్లీషు ప్రకారం వచ్చేది పిల్లవాడు, తెలుగు ప్రకారం వచ్చేది నాన్నగారు. చదివే హెడ్మాస్టరూ తెలుగువాడే కనుక ఉత్తరం చక్కగా అర్థమై మర్నాడు నాన్నగారికి కుర్చీ వేయిస్తారు. ఇంగ్లీషు తప్ప మరేదీ రానివాడు చదివితే గానీ ఈ తప్పు దొరకదు. అలాంటివాణ్ని లాకుల దగ్గర నిలబడి వెతికినా డెల్టాలో పట్టుకోవడం కష్టం. అయినా దిద్దాలి, పిల్లలు హైదరాబాదు, డల్లాసు వెళతారు గనక.

మిగిలింది హూమ్. ఇంగ్లీషువాళ్లే మాటల్లో దీన్ని దాదాపు వదిలేశారు. తెలుగులో ‘ఎవరు’ అని వస్తే హూ, ‘ఎవరిని’ అని వస్తే హూమ్ అని ఒక్క పీరియడ్‌లో చెప్పి ముందుకు పోవచ్చు. పిల్లవాడికి అది మళ్లీ కనిపించేది పదో తరగతి అయ్యాక చేతికొచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ నెత్తిన, ‘టు హూమ్‌సోఎవర్ ఇట్ మే కన్సర్న్’ అనే పెద్దక్షరాల్లో. కింద ఏముందో చూసుకునే తొందరలో ఆ వరస ఎవరూ చదవరు.